చెవులు రెండు

పొద్దున ఆరుకోసారి, సాయంత్రం ఆరుకోసారి
సోమశిల కాడ నీటిమట్టం రాసేది నేనే.
వచ్చింది ఇంత, వదిలింది ఇంత,
కింద పొట్టి సంతకం, ఎం. వెంగమాంబ.
తొమ్మిదేళ్లుగా పెన్నను రాస్తున్నాను,
చీలమండ దాటి ఏట్లో దిగింది లేదు.

ట్యూబులు మొహిద్దీన్‌వి.
ఆత్మకూరు బస్టాండు పక్కన పంక్చర్ల కొట్టు.
గాలి కొట్టి, తొట్లో ముంచి,
బుడగ రాలేదని చూసి
గోడకు తగిలించి రెండేళ్లయింది.
"ఎప్పుడక్కా?" అని ఫోను.
"నీళ్లు చెప్పాల" అంటాను.

మొదటి ఏడు రెండొందల క్యూసెక్కులు, తాగేదానికి మాత్రం.
ఇసక మీద ట్యూబుల్ని మేమే మొయ్యాలి,
ఏరే మా భుజాన తేలినట్టు.

రెండో ఏడు కార్తీకంలో వాయుగుండం.
చెయ్యేరు, కుందూ, సగిలేరు
ఒకే బస్సు దిగిన చుట్టాల్లా వచ్చి పడ్డాయి.
లక్షా ఎనభై వేలు రాస్తూ రాస్తూ ఆగి
సున్నాలు మళ్లీ లెక్కపెట్టుకున్నా.
ఆ రాత్రి ట్యూబుల మాట ఎవరూ ఎత్తలేదు.
కొట్టు మూసి, ఆటోలో మైకు పట్టుకుని
కింది ఊళ్లను లేపుకుంటూ పోయింది మొహిద్దీనే.

చెంచులమ్మకు క్యూసెక్కు తెలీదు.
మావులు పెట్టి చేపలు పట్టే మనిషి.
"పందిరాయి చెప్తాది మే.
వీపంతా కనపడితే పోబాక, నీ ముడ్డి గీరుకుంటాది.
అసలు కనపడకపోతే పోబాక, నువ్వే కనపడవు.
చెవులు రెండూ పైకుండి మూతి మునిగుంటే
ఆ పూట పో."

నెల రోజులు ఆ చెవుల్ని నా గేజీకి కట్టి చూశా.
ఆమె ఫోన్లో "చెవులు" అన్న రోజుల్లో
పుస్తకంలో నాలుగు వేలకూ అయిదున్నర వేలకూ మధ్య.
ఆరు దాటితే ఒకటే చెవి.
అంచున పెన్సిల్‌తో రాసుకున్నా: చె 2. చె 1.
ఏఈ గారు చూసి ఇదేం కోడన్నారు.
చెవులు సార్, అన్నాను.
ఆయన మళ్లీ అడగలేదు.

ఈ ఏడు, కింద నారుమళ్లకు వదిలిన నీళ్లు
నాలుగు వేల ఎనిమిదొందలు,
మూడు రోజులుగా నిలకడగా.
పైన కడప వైపు చినుకు లేదని
రెండు చోట్ల అడిగి రాసుకున్నా.
పదకొండు దాకా గేటు మీద చెయ్యి వెయ్యొద్దని
లస్కరు పిచ్చయ్యకు చెప్పా.
"పైనించి ఆర్డరొస్తే?"
"నాకు ఫోన్ చెయ్."
"నీళ్లల్లో ఎత్తుతావా?"

అది ప్లానులో లేదు.

అందుకని చెంచులమ్మ మనవడు, బండి మీద కట్ట వెంబడి,
మెడలో ఎర్ర తువ్వాలు. ఊపితే ఒడ్డెక్కేయాలి.
ఫైరాఫీసు వాళ్లు జాకెట్లు మూడే ఇచ్చారు,
ముగ్గురమే దిగాం.
చెంచులమ్మ తనదాన్ని కట్టెలమోపులా బిగించుకుంది.

చలి పిక్కల్లోకి ఎక్కింది.
నాలుగు వేల ఎనిమిదొందలంటే ఇదా.
నడుం కింద చెయ్యేసి తోసే ఈ బలాన్నా
ఇన్నాళ్లూ మూడో గడిలో ఇరికించింది!
పందిరాయి కాడ ఏరు తెల్లగా విరిగింది.
ట్యూబు గిర్రున తిరిగి
వెనక్కి చూసుకుంటూ ముందుకు పోయాను,
నురగలో రెండు చెవులు
నన్ను వింటున్నట్టు.
మొహిద్దీన్ నవ్వాడో అరిచాడో.

దాని కిందనే ఇంకో రాయి, నీళ్లల్లో.
మోకాలికి తగిలాకే తెలిసింది.
"చెప్పలేదేమమ్మా?"
"నువ్వడగలా."

సాయంత్రం ఆరు. తల ఇంకా తడి.
వదిలింది నాలుగు వేల ఎనిమిదొందలు. సంతకం.
అంచున పెన్సిల్‌తో:
చె 2. మోకాలు 1.